ధర ఎంత పెట్టాలో తేల్చే చిన్న లెక్క

ఇంట్లో పచ్చళ్లు చేసి అమ్మేవారికి ఎప్పుడూ ఒకటే తలనొప్పి: ధర పెంచితే కొనేవారు తగ్గుతారు, పెంచకపోతే ఏమీ మిగలదు. రెండు వేర్వేరు ధరలకు ఎన్ని సీసాలు అమ్ముడయ్యాయో రాసి పెట్టుకుంటే ఈ సందేహం చాలావరకు తీరుతుంది.

ఉదాహరణకు, పావుకిలో ఆవకాయ సీసా 100 రూపాయలకు వారంలో 80, 120 రూపాయలకు 60 అమ్ముడయ్యాయనుకుందాం. 80ని 60తో భాగిస్తే 1.333. ఫోనులోని కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో ‘ఎల్ఎన్’ మీట కనిపిస్తుంది, అదే సహజ సంవర్గమానం. 1.333కు అది 0.288. ధరల తేడా 20ని దీనితో భాగిస్తే దాదాపు 70. సీసాకు అయ్యే ఖర్చు 60 రూపాయలైతే, రెండూ కలిపి 130 దగ్గర లాభం ఎక్కువ. ఖర్చులో మామిడికాయలు, నూనె, కారం, సీసా వంటివే చేర్చండి. అద్దె కలపకండి, సీసాలు ఎన్ని అమ్మినా అది మారదు కదా! ధర ఒకే మొత్తం పెరిగిన ప్రతిసారీ అమ్మకాలు ఒకే శాతం తగ్గుతాయనుకుని, లాభాన్ని ధరతో అవకలనం చేసి (అంటే ధర కాస్త మారితే లాభం ఎంత మారుతుందో లెక్కించి) సున్నాకు సమానం చేస్తే వచ్చే ఫలితమే ఇది.

సరిచూద్దాం: 100కు లాభం 3,200, 120కి 3,600. 130కి సుమారు 52 సీసాలు అమ్ముడవుతాయని అంచనా, అంటే 3,640.

ఒక వారం మామూలుగా గడిచి, రెండోది పండగ వారమైతే ఈ లెక్క పనికిరాదు. ధర పెంచినా అమ్మకాలు తగ్గకపోతే సంవర్గమానం సున్నా లేదా రుణసంఖ్య అవుతుంది. అప్పుడు ఇంకో మామూలు వారం చూసి మళ్లీ లెక్కించండి.