వైఫై కనెక్ట్ అయినా లాగిన్ పేజీ రాకపోతే

రైల్వే స్టేషన్‌లోనో హోటల్లోనో వైఫై కనెక్ట్ అయినా, ఫోన్ నంబరు అడిగే పేజీ లాప్‌టాప్‌లో రాకపోతే మళ్లీ మళ్లీ గూగుల్ తెరవకండి. అది హెచ్‌టీటీపీఎస్ సైటు (అంటే మధ్యలో ఎవరూ మార్చకుండా ఎన్‌క్రిప్ట్ చేసినది), దాన్ని మళ్లించి తన పేజీ చూపించడం ఆ వైఫై వల్ల కాదు. వీపీఎన్ ఆపేసి, 'నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్' కొట్టండి, ముందు ఎస్ లేని హెచ్‌టీటీపీ పెట్టి. చాలాసార్లు ఇక్కడే పనైపోతుంది.

అయినా రాకపోతే డీఎన్‌ఎస్‌ని, అంటే సైటు పేరును దాని నంబరు అడ్రస్‌గా మార్చే సర్వీసును, అనుమానించాలి. ఎప్పుడో గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టుకుని మర్చిపోయి ఉంటారు. లాగిన్ కాకముందు బయటి డీఎన్‌ఎస్‌ను చాలా నెట్‌వర్కులు పోనివ్వవు. విండోస్ 11 వైఫై సెట్టింగ్స్‌లో, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ కింద, డీఎన్‌ఎస్‌ను ఆటోమేటిక్‌కి మార్చండి. క్రోమ్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ కూడా ఆపండి (లాగిన్ అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవడం మరవొద్దు). అదీ కాకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి, డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న నంబరును (సాధారణంగా ఆ వైఫై రూటర్ అడ్రస్) బ్రౌజర్లో తెరిచి చూడండి.