గోడౌన్‌లో నడక తగ్గాలంటే ముందు ఇది లెక్కపెట్టండి

ఆర్డర్ల ప్రకారం ర్యాకుల్లోంచి సరుకు తీసేవాళ్ల టైమ్ ఎక్కువగా పోయేది సరుకు చేతిలోకి తీసుకోవడంలో కాదు, దాని దగ్గరికి నడవడంలో. అందుకే కొత్త ర్యాకులు కొనేముందు గత నెల ఆర్డర్లు ముందేసుకుని, ఏ ఐటమ్ కోసం ఎన్నిసార్లు ర్యాక్ దగ్గరికి వెళ్లారో లెక్కపెట్టండి. ఎన్ని పీసులు అమ్ముడయ్యాయన్నది కాదు. ఒకే ఆర్డర్‌లో 100 పీసులు పోతే అది ఒక్క నడకే. 100 ఆర్డర్లలో ఒక్కోటి పోతే 100 నడకలు. ఈ తేడా చూడకపోవడం వల్లే చాలాచోట్ల అక్కర్లేని సరుకు ముందు వరసలో కూర్చుంటుంది.

ఈ లెక్కలో ఎక్కువ నడకలు తేలిన ఐటమ్‌లను ప్యాకింగ్ టేబుల్‌కి దగ్గరి ర్యాకుల్లో, నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉన్న అరల్లో సర్దండి. వంగక్కర్లేదు, నిచ్చెన ఎక్కక్కర్లేదు. బరువైనవి మాత్రం పై అరల్లో అస్సలు వద్దు, దించేటప్పుడు మీద పడితే మనిషికే ప్రమాదం. తేలికైనవి, ఎప్పుడో గానీ కదలనివి పైకి పోవచ్చు.

ఇంకో మాట. చూడ్డానికి ఒకేలా ఉండే సైజులను పక్కపక్కన పెట్టకండి. తొందరలో చెయ్యి పక్క డబ్బాలోకి పోతుంది, తప్పు సైజు ప్యాక్ అయిపోతుంది. మధ్యలో వేరే రకం ఐటమ్ ఒకటి పెడితే చాలు.

గోడౌన్ అంతా ఒకేసారి కదపొద్దు. ముందు ఓ 20 ఐటమ్‌లు మార్చి చూడండి. చోటు మార్చిన వెంటనే సిస్టమ్‌లో లొకేషన్ కూడా మార్చాలి, లేదంటే రోజంతా వెతుకులాటే. సీజన్ మారగానే లెక్క మళ్లీ తీయండి.