సాఫ్ట్ పాస్టెల్స్ పట్టుకునే ముందు

సాఫ్ట్ పాస్టెల్స్ అంటే పొడి రాలే మెత్తటి రంగు కడ్డీలు, అందుకే ముందు ఫ్యాన్ ఆపండి, వైజాగ్ ఉక్కలో కష్టమే కానీ తప్పదు, లేకపోతే పొడి గదంతా లేస్తది. కాగితం మీద పొడిని నోటితో అస్సలు ఊదొద్దండీ, అది గాల్లో తేలి మళ్లీ మన ముక్కులోకే వస్తది, బోర్డుని కాస్త ముందుకి వంచి వెనక మెల్లగా తడితే కింద పరిచిన తడిగుడ్డ మీద పడిపోద్ది. కాడ్మియం అనే విష లోహం ఉన్న రంగులుంటే ఎన్‌95 మాస్క్, గ్లోవ్స్ ఉండాల్సిందే, ఆ చేత్తోనే మధ్యలో బజ్జీలు తినేయకండి. బొమ్మ మీద పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే డాబా మీదే కొట్టండి, సముద్రం గాలి మొహానికి ఎదురు రాకుండా చూస్కొని, చుట్టుపక్కల అగరొత్తి, పొయ్యి లేకుండా. వానాకాలం కాగితం చెమ్మకి మెత్తబడుద్ది, నాకోసారి ఆర్కే బీచ్ స్కెచ్ ఇలాగే బూజు పట్టి పోయింది, చాలా బాధేసింది, అందుకే కాగితాల డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి.