మౌస్ వదిలి కంట్రోలర్ పట్టుకునే పెద్దవారికి

ఏళ్ల తరబడి కీబోర్డు, మౌస్‌లతో వీడియో గేమ్‌లు ఆడినవారు యాభై దాటాక, రెండు చేతులతో పట్టుకొని ఆడే కంట్రోలర్‌ను చేతిలోకి తీసుకుంటే, మొదటి గంటలోనే వయసు మీద పడిందని దిగులుపడతారు. ఆ తడబాటుకు అసలు కారణం వయసు కన్నా పరికరం పనిచేసే తీరులో ఉంది.

మౌస్‌ను జరిపిన దూరాన్ని బట్టి తెర మీది చూపు తిరుగుతుంది, చెయ్యి ఆగగానే చూపూ ఆగుతుంది. కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే చిన్న పుల్లలాంటి స్టిక్‌లు రెండుంటాయి; కుడి స్టిక్‌ను వంచితే మాత్రం ఆ వంపు చూపు తిరిగే వేగాన్ని నిర్ణయిస్తుంది, స్టిక్ మళ్లీ మధ్యకు వచ్చేదాకా చూపు తిరుగుతూనే ఉంటుంది. దూరాన్ని అంచనా వేయడం నేర్చిన చెయ్యి ఇప్పుడు వేగాన్నీ, వదలవలసిన క్షణాన్నీ అంచనా వేయాలి కనుక, గురి దాటిపోవడం, వెనక్కి లాగడం, మళ్లీ దాటిపోవడం మొదట్లో అందరికీ జరిగేదే. ప్లేస్టేషన్ కోసం రెండు స్టిక్‌ల డ్యూయల్‌షాక్ కంట్రోలర్ 1997లోనే వచ్చినా, వాటితో కాల్చే పద్ధతి జనానికి బాగా అలవాటైంది 2001లో ఎక్స్‌బాక్స్‌కు వచ్చిన హేలో అనే కాల్పుల ఆట తరువాతే.

అందువల్ల శత్రువులు లేని చోట నిలబడి, గోడ మీద ఒక గుర్తును ఎంచుకొని, స్టిక్‌ను సగం మాత్రమే వంచి చూపును దాని మీద ఆపడం రోజూ పది నిమిషాలు సాధన చేయండి. అది కుదిరాక, పాత్రను నడిపించే ఎడమ స్టిక్ మీది బొటనవేలికి పని చెప్పండి: కుడి స్టిక్‌తో గురిని సుమారుగా దగ్గరకు తెచ్చి, మిగిలిన కొంచెం తేడాను పాత్రను పక్కకు ఒక అడుగు నడిపించి సరిచేయాలి. మౌస్ వాడినవారికి ఈ ఉపాయం వెంటనే తట్టకపోవచ్చు, ఎందుకంటే వారికి దాని అవసరం అంతగా రాలేదు.

సెట్టింగులలో సెన్సిటివిటీని, అంటే స్టిక్ వంపుకు చూపు తిరిగే వేగాన్ని తగ్గించి, గురి కుదరడానికి ఆటే కొంత సాయం చేసే ఎయిమ్ అసిస్ట్‌ను నిస్సంకోచంగా ఆన్‌లో ఉంచండి. స్టిక్ కోసం తయారైన ఆటలో అది మోసం కాదు. డెడ్ జోన్‌ను, అంటే స్టిక్ కొద్దిగా కదిలినా ఆట పట్టించుకోని మధ్య భాగాన్ని, వేలు తీసినప్పుడు చూపు దానంతటదే జరగని స్థాయి వరకు తగ్గించవచ్చు.

మొదటి ఆటగా కాల్పుల ఆటను ఎంచుకోవద్దు. కీబోర్డు మీట నొక్కడమో వదలడమో తప్ప మధ్యస్థితి ఎరుగదు, కానీ కంట్రోలర్‌లో చూపుడువేలితో నొక్కే ట్రిగ్గర్‌ను సగం నొక్కితే కారు యాక్సిలరేటర్‌ను సగమే తొక్కినట్టు కనుక, కంట్రోలర్ గొప్పతనం రేసింగ్ ఆటలో వెంటనే తెలుస్తుంది. ఎల్3, ఆర్3 అని తెర మీద కనబడితే కొత్త మీటల కోసం వెదకకండి, స్టిక్‌లనే లోపలికి నొక్కాలి. నింటెండో కంట్రోలర్‌లో ఏ, బీ మీటల స్థానాలు ఎక్స్‌బాక్స్‌కు తారుమారుగా ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

బొటనవేలి కీలు నొప్పి పెడుతుంటే మోచేతులను దిండు మీద ఆనించి, ఆట సెట్టింగులలో నొక్కి పట్టుకోవలసిన పనులను ఒక్కసారి నొక్కితే చాలేలా మార్చుకోండి. మామూలు కంట్రోలర్‌ను పట్టుకోవడమే కష్టమైనవారికి 2018 నుంచి ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్, 2023 నుంచి ప్లేస్టేషన్ యాక్సెస్ కంట్రోలర్ అందుబాటులో ఉన్నాయి.

ఇంత చేసినా మౌస్ మీది మమకారం పోకపోతే, ఆటలో కంట్రోలర్ వంపును పసిగట్టే జైరో సదుపాయం ఉందేమో చూడండి. ప్లేస్టేషన్ 5, నింటెండో స్విచ్ కంట్రోలర్‌లలో ఉన్న ఈ సెన్సర్ వల్ల కంట్రోలర్‌ను ఎంత వంచితే గురి అంతే జరిగి ఆగుతుంది, కాబట్టి స్టిక్‌తో చుట్టూ తిరిగి, చివరి గురిని మణికట్టుతో సరిచూసుకోవచ్చు.