హాలోజన్ స్పాట్ లైట్లు తీసి ఎల్ఈడీ పెట్టడం ఎలా? సీలింగ్ పైనున్న ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా

దసరా దగ్గర పడుతోందంటే విజయనగరంలో ఇళ్ళకు రంగులు పడతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలు దిగేలోపు పనిలో పనిగా హాల్లో లైట్లు కూడా మార్చేద్దామనుకుంటారు. ఎప్పుడో ఫాల్స్ సీలింగ్ వేయించుకున్న చాలా ఇళ్ళలో ఇప్పటికీ 50 వాట్ల హాలోజన్లే ఉన్నాయి. ఆరు లైట్లంటే 300 వాట్లు. రోజుకు ఐదు గంటలు వేస్తే నెలకు 45 యూనిట్లు. ఒక్కోటి 6 వాట్ల ఎల్ఈడీ పెడితే దాదాపు అదే వెలుగు ఐదున్నర యూనిట్లలో వచ్చేస్తుంది.

మార్చాలన్న ఆలోచన మంచిదే, మార్చే తీరే బాగుండటం లేదు. పాత బల్బు లాగేస్తారు, కొత్తది గుచ్చేస్తారు. వారం తిరక్కుండా అది మిణుకుమిణుకుమంటుంది. ‘ఈ ఎల్ఈడీలు మంచివి కావండీ’ అని మళ్ళీ హాలోజన్ కోసం షాపులన్నీ తిరుగుతారు. బల్బులో ఏ లోపమూ ఉండదు. దానికి కరెంటు ఇస్తున్న పెట్టె వైపు ఎవరూ చూడరు, అంతే.

మీ బల్బు ఏ రకం?

స్విచ్ ఆపి పావుగంట ఆగండి, హాలోజన్ చెయ్యి కాల్చేస్తుంది. చల్లారాక ఒకటి తీసి వెనక వైపు చూడండి. సన్నటి పిన్నులు రెండు ఉండి, నేరుగా లాగితే ఊడి వస్తే అది 12 వోల్టుల ఎంఆర్16. పిన్నుల చివర లావుగా ఉండి, తిప్పితే గాని రాకపోతే అది జీయూ10, నేరుగా 230 వోల్టుల మీద నడుస్తుంది. జీయూ10 ఉన్నవాళ్ళు అదే రకం ఎల్ఈడీ తెచ్చి తిప్పేసుకోవచ్చు. కింద స్విచ్ గురించి, రంగు గురించి రాసింది చదివితే వాళ్ళకు చాలు. ఎంఆర్16 వాళ్ళు మాత్రం మొత్తం చదవాలి.

సామాన్లు: టెస్టర్, చిన్న స్క్రూడ్రైవర్, స్ట్రిప్ కనెక్టర్లు (తీగల్ని స్క్రూతో బిగించి కలిపే ప్లాస్టిక్ ముక్కలు), ఊగని నిచ్చెన. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కొద్దు.

కరెంటు ఆపడం

మెయిన్ దించితే సరిపోదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూశాక మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఇన్వర్టర్ పెట్టించుకున్నవాళ్ళు చాలామంది. హాల్లో లైట్లు సాధారణంగా ఆ లైన్ మీదే ఉంటాయి. మీరు మెయిన్ దించగానే బ్యాటరీ అందుకుంటుంది, అదే తీగలో మళ్ళీ 230 వోల్టులు ఉంటాయి. అందుకే మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆపండి. టెస్టర్ పనిచేస్తోందో లేదో ఆపకముందే ఏదో ఒక సాకెట్లో పెట్టి చూసుకోండి. ఆపాక లైటుకు 230 వోల్టులు తెచ్చే తీగల మీద పెట్టండి. వెలగకపోతేనే చెయ్యి పెట్టండి.

ఫ్రేము దించడం తేలికే. రెండు వైపులా ఉన్న స్ప్రింగులు నొక్కి పట్టుకుని కిందికి జార్చండి. మధ్యలో వదిలితే వేలి మీద కొడతాయి, జిప్సం బోర్డు అంచు కూడా విరుగుతుంది.

అసలు పని: ట్రాన్స్‌ఫార్మర్

తీగ పట్టుకుని మెల్లగా లాగితే కన్నంలోంచి చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి వస్తుంది. దాన్నే ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు, కొందరు చోక్ అనీ అంటారు. దుమ్ము తుడిచి, ఫోన్ లైటు వేసి దాని మీద రాసింది చదవండి. ఇన్‌పుట్ 230 వోల్టులు, అవుట్‌పుట్ 12 వోల్టులు అని ఉంటుంది. దాని పక్కనే 20–60 వాట్స్ అనో, అలాంటిదే ఇంకో లెక్కో ఉంటుంది. 60 అందరికీ అర్థమవుతుంది. కొంప ముంచేది ఆ 20. కనీసం 20 వాట్ల లోడు ఉంటేనే ఆ పెట్టె సరిగా నడుస్తుందని దానర్థం. 50 వాట్ల హాలోజన్‌కి అది ఎప్పుడూ ఇబ్బంది కాలేదు. 6 వాట్ల ఎల్ఈడీ పెట్టేసరికి లోడు చాలక పెట్టె ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. మీకు కనిపించే మిణుకు అదే. పైగా ఆ పెట్టె ఇచ్చేది సెకనుకు వేలసార్లు దిశ మార్చుకునే కరెంటు. హాలోజన్ ఫిలమెంటుకు ఆ తేడా పట్టదు. ఎల్ఈడీ బల్బు లోపలున్న చిన్న సర్క్యూట్‌కి పడుతుంది.

కొన్ని ఇళ్ళలో ఏ మిణుకూ లేకుండా శుభ్రంగా వెలుగుతాయి. ‘ఎలుగుతోంది కదా బాబూ, ఒగ్గేద్దాం’ అంటారు. ఒగ్గేయొద్దు. ఆ రెండూ ఒకదానికొకటి సరిపడవు. బల్బు లోపల వేడెక్కి, ఏళ్ళ తరబడి ఉండాల్సింది నెలల్లో పోతుంది.

ఇంకొందరు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు మూడు లైట్లుంటే ఒక హాలోజన్‌ని అలాగే ఉంచేస్తారు, లోడు సరిపోతుందని. కరెంటు ఆదా కోసం మొదలుపెట్టిన పనిలో 50 వాట్ల పొయ్యిని సీలింగ్‌లో ఉంచుకోవడం ఏమిటి? అది మాడిపోయిన రోజున మిగతావి మళ్ళీ మిణుకుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పీకేసి జీయూ10 హోల్డర్ బిగించే పద్ధతి కూడా ఉంది. అది పనిచేస్తుంది గానీ నేను చేయను, మీరూ చేయకండి. ఆ ఇనుప ఫ్రేము 12 వోల్టుల కోసం బిగించింది, దానికి ఎర్త్ ఉండదు. అందులోకి 230 వోల్టులు తెచ్చాక ఎక్కడైనా తీగ తొక్క లేస్తే ఫ్రేమంతా షాక్ కొడుతుంది.

సరైన పద్ధతి ఒక్కటే: పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, ప్రతి లైటుకూ విడిగా ఎల్ఈడీ డ్రైవర్ (ఎల్ఈడీకి సరిపడేలా దిశ మారని కరెంటు, అంటే డీసీ, ఇచ్చే పెట్టె) పెట్టడం. అన్నిటికీ కలిపి పెద్దది ఒకటి పెడితే చవకే. కానీ అది పోయిన రాత్రి హాలంతా చీకటి.

షాపులో ‘ఎల్ఈడీ డ్రైవర్ ఇవ్వండి’ అని ఊరుకోకండి. ప్యానెల్ లైట్ల కోసం తయారైన డ్రైవర్ చేతిలో పెడతారు. చూడ్డానికి రెండూ ఒకటే. ఆ ప్యానెల్ డ్రైవర్ మీద అవుట్‌పుట్ దగ్గర 300 మిల్లీ ఆంపియర్లు అనీ, 20 నుంచి 40 వోల్టులు అనీ ఉంటుంది. దాన్ని 12 వోల్టుల బల్బుకు కలిపితే కొత్త బల్బు పోయినట్టే. మీకు కావలసినదాని మీద అవుట్‌పుట్ 12 వోల్టులు డీసీ అని స్పష్టంగా ఉండాలి. 6 వాట్ల బల్బుకు 12 వాట్ల డ్రైవర్ తీసుకోండి, వేడెక్కకుండా ఉంటుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు లేనిది అక్కడే తిరిగి ఇచ్చేయండి.

కలిపేటప్పుడు తొందర పడకండి. డ్రైవర్‌కి రెండు వైపులా తీగలుంటాయి. ఒకవైపు ఎల్, ఎన్ అని ఉంటుంది; ఫేజు, న్యూట్రల్ అటు. రెండోవైపు ఎరుపు, నలుపు, హోల్డర్ ఇటు. ఈ రెండు వైపులూ తారుమారైతే 230 వోల్టులు అవుట్‌పుట్‌లోకి వెళ్ళి డ్రైవర్ పేలుతుంది. కలిపాక, స్విచ్ వేసే ముందు, మరోసారి పైనుంచి కింది దాకా చూసుకోండి. బల్బు మీద ప్లస్, మైనస్ రాసి ఉంటే అదీ పాటించండి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టేయడం పనికిరాదు. సీలింగ్ పైన వేడికి టేపు జిగురు కారిపోతుంది, కనెక్టరే వాడండి. పాత హోల్డర్‌ని కూడా మార్చేయండి. ఏళ్ళ తరబడి హాలోజన్ వేడికి దాని తీగ తొక్క పెళుసెక్కి, వంచితే పొడిపొడిగా రాలుతుంది.

ముందు ఒక్క లైటు మార్చి, ఒక సాయంత్రం పూర్తిగా వెలిగించి చూడండి. బాగుంటే మిగతావి చేయండి. ఫ్రేము ఎక్కించేటప్పుడు డ్రైవర్‌ని బల్బు నెత్తిన కాకుండా పక్కకు జరిపి పెట్టండి. పాత ట్రాన్స్‌ఫార్మర్లను పైన వదిలేయొద్దు. తర్వాత వచ్చే వైర్‌మన్ ఏది ఏమిటో తెలియక తికమక పడతాడు.

స్విచ్, రంగు

స్విచ్ ఆపినా ఎల్ఈడీ లీలగా వెలుగుతోందంటే స్విచ్ ఫేజు మీద కాక న్యూట్రల్ మీద ఉండొచ్చు. స్విచ్ ఆపి, లైటుకు 230 వోల్టులు తెచ్చే తీగల మీద టెస్టర్ పెట్టండి. వెలిగితే అదే సంగతి. బోర్డులో సరిచేయించండి, ఎందుకంటే స్విచ్ ఆపినా అక్కడ షాక్ కొడుతుంది. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ లైటు ఉన్నా ఇలాగే జరుగుతుంది, అది ప్రమాదం కాదు. హాలోజన్‌కి డిమ్మర్ (వెలుగు తగ్గించే, పెంచే మీట) ఉంటే తీసేసి మామూలు స్విచ్ పెట్టుకోండి.

రంగు 3000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే లెక్క), అంటే పసుపుచాయ ఉన్న వార్మ్ వైట్. హాల్లో, దేవుడి గదిలో ఇంకో మాట లేదు. హాలోజన్ వెలుగు దాదాపు ఆ రంగే. షాపులవాళ్ళు తెల్లగా వెలిగే 6500 కెల్విన్ బల్బు తీసి ‘ఎక్కువ వెలుగండీ’ అంటారు. దాని కింద పట్టుచీర పాలిపోయి కనిపిస్తుంది.

పెరట్లో పెద్ద హాలోజన్

గొట్టంలాంటి 500 వాట్ల బల్బున్న ఫ్లడ్ లైటులో బల్బు ఒక్కటే మార్చొద్దు. మూసిన పెట్టెలో ఎల్ఈడీ వేడికి మాడిపోతుంది. మొత్తం తీసేసి ఐపీ65 (దుమ్ము, వాన నీరు లోపలికి పోవని గుర్తు) రాసి ఉన్న 50 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు పెట్టండి, పెరటికి చాలు. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఉన్నవాళ్ళు స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి, ఉప్పుగాలికి మామూలువి తుప్పు పట్టి మళ్ళీ విప్పడానికి రావు. తీగ లోపలికి వెళ్ళే చోటు కిందివైపు ఉండేలా బిగించి, దాన్ని కాస్త కిందికి వేలాడదీసి పైకి తెండి. వాన నీరు తీగ వెంట లైటులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.