లిచ్ కింగ్‌ని పడగొట్టాలంటే ఎవరు ఎక్కడ నిలబడాలి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో లిచ్ కింగ్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఇరుక్కుపోయిన గ్రూపులు చాలావరకు డ్యామేజ్ చాలక ఓడిపోవు, నిలబడకూడని చోట నిలబడి ఓడిపోతాయి. అందుకే ఏ క్లాస్ ఏ బటన్ నొక్కాలన్నది ఇక్కడ పెద్దగా ఉండదు, ఎప్పుడు ఎక్కడ ఉండాలన్నదే ఉంటుంది. నేను రాసేది 80వ లెవెల్‌లో, 25 మందితో, నార్మల్ మోడ్ గురించి. ఇప్పటి పెద్ద లెవెల్ క్యారెక్టర్‌తో ఒంటరిగా వెళ్లేవాళ్లు మధ్యలో చాలా వదిలేసి బాస్ హెల్త్ పది శాతం దగ్గర ఏం జరుగుతుందో మాత్రం చదువుకుంటే చాలు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్థస్ మెనెథిల్ లార్డెరాన్ యువరాజు, ప్రజల్ని కాపాడాలన్న పంతంతో ఫ్రాస్ట్‌మోర్న్ అనే కత్తి పట్టాడు, ఆ కత్తి మొదట లాక్కున్నది అతని ఆత్మనే. ఇంటికి తిరిగొచ్చి సొంత తండ్రి టెరెనాస్ రాజుని సింహాసనం దగ్గరే చంపేశాడు, తర్వాత ఐస్‌క్రౌన్ ఎక్కి శిరస్త్రాణం పెట్టుకుని లిచ్ కింగ్ అయ్యాడు. ఆ కత్తీ, ఆ తండ్రీ ఫైట్‌లో మళ్లీ ఎదురవుతారు కాబట్టి చెప్పాను. ఇతని పేరుతోనే ఉన్న ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి వచ్చే పెద్ద కొత్త భాగం) 2008 నవంబర్‌లో వచ్చింది, ఇతను ఉండే ఐస్‌క్రౌన్ సిటడెల్ రెయిడ్ (చాలామంది కలిసి వెళ్లే కోట) మాత్రం 2009 డిసెంబర్‌లో తెరుచుకుంది. పైకి వెళ్లాలంటే ముందు ప్రొఫెసర్ ప్యూట్రిసైడ్, బ్లడ్ క్వీన్ లానాథెల్, సిండ్రగోసా అనే ముగ్గురు బాస్‌లూ చావాలి.

ఫైట్‌కి పదిహేను నిమిషాల గడువు. అది దాటితే బాస్‌కి పిచ్చెక్కి అందరినీ చంపేస్తాడు, కానీ ఆ గడువుతో చచ్చిన గ్రూపులు తక్కువే, అంతకంటే చాలా ముందే చస్తారు.

మొదటి ఫేజ్ (దశ) బాస్ హెల్త్ 100 నుంచి 70 శాతం వరకు. ఒక ట్యాంక్ (దెబ్బలు తన మీదికి తీసుకునే ఆటగాడు) బాస్‌ని పట్టుకుంటాడు, రెండో ట్యాంక్ కాస్త పక్కగా నిలబడి వచ్చే గూల్స్ అనే చిన్న శవాలనీ షాంబ్లింగ్ హారర్ అనే పెద్ద శవాన్నీ పట్టుకుంటాడు. హారర్ ముఖం ఎప్పుడూ జనానికి అవతలి వైపే ఉండాలి, ఎందుకంటే అది ముందుకు షాక్‌వేవ్ కొడుతుంది. అది ఎన్‌రేజ్ అయినప్పుడు (రెచ్చిపోయినప్పుడు) హంటర్ దాన్ని చల్లార్చే ట్రాంక్విలైజింగ్ షాట్ వేయాలి, ఈ పని ఎవరిదో ముందే పేరు పెట్టి చెప్పండి, "ఎవరో ఒకరు వేస్తారులే" అంటే ఎవరూ వేయరు.

ఈ ఫేజ్‌లో అసలు ఆట నెక్రోటిక్ ప్లేగు. ఇది ఒకరి మీద పడుతుంది, అయిదు సెకన్లకోసారి దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బ మామూలు ఆటగాడిని చంపేస్తుంది. తీసేస్తే పక్కనున్న వాళ్లెవరి మీదికో దూకుతుంది. దాన్నే మనం వాడుకోవాలి: ప్లేగు పడినవాడు పరుగెత్తి రెండో ట్యాంక్ పట్టుకున్న శవాల దగ్గరికి వెళ్తాడు, అక్కడికి చేరగానే హీలర్ దాన్ని డిస్పెల్ చేస్తాడు (తీసేస్తాడు), ప్లేగు శవం మీదికి దూకుతుంది. శవం చచ్చినప్పుడల్లా ప్లేగు ఇంకో స్టాక్ (మోతాదు) పెంచుకుని పక్క శవానికి అంటుకుంటుంది, హారర్లని మన తరఫున అదే చంపిపెడుతుంది. వైప్ అయ్యేది (అందరూ చచ్చేది) ఎక్కడంటే, ఆత్రం కొద్దీ హీలర్ ముందే డిస్పెల్ చేస్తాడు, ప్లేగు జనం మధ్యలో పడి ఒకరి తర్వాత ఒకరిని తీసుకుపోతుంది. కాబట్టి డిస్పెల్ చేసేది ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరు పరుగెత్తేవాడి కాళ్లు చూడాలి, హెల్త్ బార్ కాదు.

దీంతోపాటు ఇన్‌ఫెస్ట్ అని అందరి మీదా ఒకేసారి పడే దెబ్బ ఉంది. హెల్త్ 90 శాతం దాటేదాకా అది పోదు, ఆగేకొద్దీ పెరుగుతుంది. డిసిప్లిన్ ప్రీస్ట్ ఉంటే ముందే షీల్డులు వేసేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

70 దగ్గర బాస్ నడిమధ్యకి నడిచి రిమోర్స్‌లెస్ వింటర్ మొదలుపెడతాడు. మధ్యలో ఉంటే చస్తారు, అందరూ అంచుకి పరుగెత్తాలి. అంచున ఒకే చోట గుమిగూడకండి, మనుషుల మధ్య కాస్త ఖాళీ ఉంచండి, ఎందుకంటే పెయిన్ అండ్ సఫరింగ్ ఒకరిని చూసి కొట్టినా పక్కవాళ్లకీ తగులుతుంది. రేజింగ్ స్పిరిట్స్ అనే ఆత్మలు వస్తే ట్యాంక్ వాటి ముఖం బయటికి తిప్పాలి, లేకపోతే హీలర్ల నోళ్లు మూతపడతాయి, హీల్ చేయలేరు. ఐస్ గోళాలు వస్తుంటాయి, రేంజ్ వాళ్లు (దూరం నుంచి కొట్టేవాళ్లు) దూరంలోనే పగలగొట్టాలి, అవి దగ్గరికొచ్చి పేలితే మనిషి గాల్లోకి లేచి కొండ కిందికి పోతాడు. ఒక నిమిషం తర్వాత క్వేక్ వస్తుంది, మనం నిలబడ్డ అంచు మొత్తం విరిగి పడిపోతుంది. ఆ కాస్ట్ (దెబ్బ వేయడానికి బాస్ సిద్ధమవడం) కనబడగానే లోపలికి అడుగు వేయాలి, అంతకంటే ముందు వేస్తే వింటర్ కొడుతుంది. (2010లో ఒక పేరున్న గిల్డ్ (కలిసి ఆడే బృందం) సారోనైట్ బాంబులు వేస్తుంటే ఈ విరిగిన అంచు మళ్లీ పుట్టుకొచ్చేది, పడిపోయే భయమే లేకుండా బాస్‌ని కొట్టేశారు, తర్వాత 72 గంటలు బ్యాన్ అయ్యారు.)

ఇక రెండో ఫేజ్, 70 నుంచి 40. ఎక్కువ రాత్రులు ఇక్కడే కరిగిపోతాయి. రెండు విషయాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

మొదటిది డిఫైల్. బాస్ రెండు సెకన్ల కాస్ట్‌తో ఎవరో ఒకరి కాళ్ల కింద నల్లటి మడుగు వేస్తాడు. అందులో ఎవరికైనా దెబ్బ తగిలిన ప్రతిసారీ మడుగు ఇంకా పెద్దదవుతుంది. ముగ్గురు అర సెకను ఆలస్యం చేస్తే చాలు, ప్లాట్‌ఫామ్ మొత్తం నిండిపోతుంది, అంతే సంగతులు. రెండోది వాల్‌కిర్ అనే ఎగిరే శత్రువులు. 25 మందిలో మూడు వస్తాయి, ముగ్గురిని ఎత్తుకుని అంచు వైపు ఎగురుతాయి, అంచు దాటేలోపు వాటిని చంపకపోతే ఆ ముగ్గురూ కింద పడి చస్తారు. వాల్‌కిర్ కోసం అందరూ నడిమధ్యలో ఒకే చోట ఉండాలి, అప్పుడే మూడూ ఒకే దగ్గర నుంచి బయలుదేరతాయి, వాటికి ఎక్కువ దూరం పడుతుంది, మనకి ఎక్కువ టైమ్ దొరుకుతుంది. డిఫైల్ కోసమేమో అందరూ చెల్లాచెదురుగా ఉండాలి.

దారి ఏమిటంటే, టైమర్ యాడ్‌ఆన్ (గేమ్‌కి జతచేసే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుని ఏది ముందొస్తుందో ఒకే ఒక్కరు గట్టిగా చెప్పాలి. డిఫైల్‌కి అయిదు సెకన్లు ఉందనగానే అందరూ విడిపోయి బయటి వైపు నడవాలి, పడ్డాక ఎవరి మీద పడిందో చూసి మిగతావాళ్లు దాన్నుంచి దూరంగా మళ్లీ మధ్యకి చేరాలి. కాస్ట్ మొదలయ్యాక మీ మీదే వేస్తున్నాడా లేదా అని చూస్తూ నిలబడకండి, మీ మీదే అనుకుని కదలండి. వాల్‌కిర్‌కి స్టన్‌లూ (కాసేపు కదలనివ్వనివి) స్లోలూ (నెమ్మది చేసేవి) పనిచేస్తాయి, ఎవరి స్టన్ ఏ వాల్‌కిర్‌కో గుర్తులు పెట్టుకుని పంచుకోండి, ముగ్గురూ ఒకదానికే స్టన్ కొడితే మిగతా రెండూ హాయిగా ఎగిరిపోతాయి. డ్యామేజ్ మీటర్‌లో పైన కనబడాలని వాల్‌కిర్ ఉండగా బాస్‌నే కొడుతూ కూర్చునేవాడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు, వాడితో మొహమాటం లేకుండా మాట్లాడండి.

ట్యాంకులకి ఇక్కడ సోల్ రీపర్ మొదలవుతుంది: తగిలిన అయిదు సెకన్లకి పెద్ద దెబ్బ, ఆ తర్వాత అయిదు సెకన్లు బాస్ రెట్టింపు వేగంతో కొడతాడు. తగలగానే రెండో ట్యాంక్ టాంట్ చేయాలి (బాస్‌ని తన వైపు తిప్పుకోవాలి), మొదటివాడు కూల్‌డౌన్ (దెబ్బ తగ్గించే రక్షణ) వాడాలి.

40 దగ్గర మళ్లీ వింటర్, అంచు మళ్లీ గడ్డకట్టి తయారవుతుంది, మళ్లీ అదే పరుగు. రేజింగ్ స్పిరిట్ మిగిలి ఉండగా మూడో ఫేజ్‌లోకి వెళ్తే ముందు దాని సంగతి చూడండి.

మూడో ఫేజ్‌లో డిఫైల్, సోల్ రీపర్ అలాగే ఉంటాయి, ఇన్‌ఫెస్ట్, వాల్‌కిర్ పోతాయి. కొత్తగా వైల్ స్పిరిట్స్ గాల్లో గుంపుగా పుడతాయి, కాసేపు పైనే తేలి తర్వాత కిందికొచ్చి మనుషుల మీద పేలతాయి. పైన ఉన్నప్పుడే వాటికి దూరంగా బాస్‌ని జరుపుకోవాలి, దిగుతున్నప్పుడు రేంజ్ వాళ్లు కొట్టాలి. హార్వెస్ట్ సోల్‌లో ఒకరిని ఫ్రాస్ట్‌మోర్న్ లోపలికి లాగేస్తాడు. లాగే ముందు ఆ మనిషి హెల్త్ పడిపోకుండా హీలర్లు చూడాలి. లోపల టెరెనాస్ రాజు ఆత్మ ఒక స్పిరిట్ వార్డెన్‌తో పోరాడుతుంటుంది. మీరు హీలర్ అయితే రాజుని బతికించండి, కాకపోతే వార్డెన్‌ని చంపండి, సోల్ రిప్ కాస్ట్ చేస్తుంటే ఆపండి.

పది శాతం దగ్గర మొదటిసారి వెళ్లిన ప్రతి గ్రూపులోనూ గోల జరుగుతుంది, ఎందుకంటే ఫ్యూరీ ఆఫ్ ఫ్రాస్ట్‌మోర్న్‌తో అందరూ ఒకేసారి చచ్చిపోతారు. అది వైప్ కాదు, కథలో భాగం. రిలీజ్ స్పిరిట్ బటన్ నొక్కకండి. ఫైట్ మొదట్లో మంచులో బంధించిన టిరియన్ ఫోర్డ్రింగ్ బయటికొచ్చి ఫ్రాస్ట్‌మోర్న్‌ని ముక్కలు చేస్తాడు, టెరెనాస్ అందరినీ లేపుతాడు, తర్వాత లిచ్ కింగ్ తిరిగి కొట్టలేడు, మిగిలిన పది శాతం తీరిగ్గా కొట్టుకోవచ్చు. ఒంటరిగా వెళ్లినా ఈ సీన్ ఇలాగే నడుస్తుంది, విసుగొచ్చినా ఆగాలి.

చంపితే కింగ్‌స్లేయర్ టైటిల్ వస్తుంది. ఇన్‌విన్సిబుల్ అనే ఎగిరే గుర్రం మాత్రం నార్మల్‌లో రాదు, 25 మంది హీరోయిక్‌లోనే, అదీ చాలా అరుదుగా, కాబట్టి దాని కోసమే వెళ్తుంటే లోపల అడుగుపెట్టేముందే డిఫికల్టీ సరిచూసుకోండి.