డబుల్ మార్కర్‌కు వెళ్లే ముందురోజు

కావలిలో మా వీధి గర్భిణులు డబుల్ మార్కర్ (కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చా అని చూసే రక్తపరీక్ష) చీటీ పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. మా చిన్నదానికి డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువ), అందుకని.

రక్తం ఇవ్వకముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక్కటి తేల్చుకోండి: ఫలితం తెలిశాక ఏం చేస్తాం? ముందే తెలిస్తే సిద్ధపడతామనుకుంటే చేయించుకోండి. తెలిసినా ఏమీ మారదనుకుంటే వద్దనవచ్చు. రెండూ తప్పు కాదు. ఆ మాటల్లోకి అత్తగారిని అప్పుడే లాగకండి.

11 నుంచి 14 వారాల లోపు చేసే ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం చూసేది), డబుల్ మార్కర్ చెప్పేది ఆ సమస్య ఉండే అవకాశాన్ని మాత్రమే. నా చీటీలో 1:180 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. నెల్లూరు నుంచి బస్సులో వస్తూ దాన్ని ఎనిమిది మడతలు పెట్టాను. ఇంటికొచ్చాక అర్థమైంది, నాలాంటి 180 మందిలో 179 మందికి ఆ సమస్య ఉండదని. (ఆ మిగిలిన ఒక్కరం మేమే, అది వేరే సంగతి.) ఖాయంగా తెలియాలంటే 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి చూస్తారు. అందులో గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది.

డాక్టరును "ఉంచుకోవాలా, తీసేయాలా" అని అడగకండి. "బిడ్డ గుండె ఎలా ఉంది? పుట్టాక ఏ వైద్యం కావాలి?" అని అడగండి. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, బిడ్డలో తీవ్రమైన లోపాలుండి 24 వారాలు దాటాక గర్భం తీసేయాలంటే మెడికల్ బోర్డు (ప్రభుత్వం వేసిన డాక్టర్ల బృందం) నిర్ణయించాలి. మేజరైన స్త్రీకి తన సమ్మతి చాలు, భర్త సంతకం చట్టం అడగదు.

వీలైతే అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో ఒక గంట కూర్చోండి. మా ఇంటికొస్తే చిన్నది నిమ్మకాయ పిండి, ఉప్పా పంచదారా అని మూడుసార్లు అడిగి, చివరికి రెండూ వేసి ఇస్తుంది.